తాతల నాటి యుద్ధం పటం అమ్మాలంటే: వేలానికా, డీలర్‌కా, సొంతంగానా?

పాత ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడో, అన్నదమ్ములు వాటాలు తేల్చుకునేటప్పుడో ఈ ప్రశ్న వస్తుంది. బీరువాలు, మంచాలు ఎవరో ఒకరు తీసుకుంటారు. హాల్లో గోడ మీదున్న పెద్ద యుద్ధం పటం మాత్రం మిగిలిపోతుంది. కోట గోడ మీదికి ఎగబాకుతున్న ఎర్రకోటు సిపాయిలు, కమ్ముకున్న పొగ, మధ్యలో కత్తి దూసిన టిప్పు సుల్తాన్. "లండన్‌లో అచ్చయింది, లక్షలు పలుకుతుంది" అని చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే. తీరా అమ్ముదామనుకునేసరికి ఒకరు వేలం అంటారు, ఒకరు ఆన్‌లైన్‌లో పెట్టేయమంటారు, ఇంకొకరు తెలిసిన యాంటిక్ షాపాయన ఉన్నాడంటారు.

వీటిలో ఏది మేలన్నది రెండో ప్రశ్న. మీ దగ్గరున్నది ఎలాంటి కాగితమో ముందు తేలాలి. అది తేలితే సగం దారులు వాటంతటవే మూసుకుపోతాయి. తేల్చుకోకుండా షాపాయన్ని ఇంటికి పిలిస్తే బేరం మొదలవకముందే ఆయన చేతిలోకి వెళ్లిపోతుంది.

ఆశల సంగతి కూడా ఇక్కడే చెప్పుకుందాం. 2023 మే నెలలో లండన్‌లోని బోన్‌హామ్స్ వేలంలో టిప్పు పడకగది కత్తి సుమారు 1.4 కోట్ల పౌండ్లు పలికింది. ఆ వార్త వచ్చాక టిప్పు బొమ్మ ఉన్న ప్రతి ఇంట్లోనూ లెక్కలు మారిపోయాయి. కానీ ఆ కత్తి ప్రపంచంలో ఒక్కటే ఉంది. మీ గోడ మీది పటం ఒక ప్రింట్, అది అలా కాదు. రాగి రేకు మీద చెక్కి, కాపీల మీద కాపీలు తీసి, ఆనాటి షాపుల్లో అమ్మిన సరుకు అది. మంచి కాపీకి మంచి ధరే వస్తుంది, కానీ కత్తి ధరతో దానికి చుట్టరికం లేదు.

ముందు తేల్చుకోవాల్సినవి

1799 మే 4న టిప్పు రాజధాని శ్రీరంగపట్నం కోట ఇంగ్లీషువాళ్ల చేతికి చిక్కింది. ఆ తర్వాత కొన్నేళ్లపాటు లండన్‌లో ఈ బొమ్మలకు విపరీతమైన గిరాకీ ఉండేది. రాబర్ట్ కెర్ పోర్టర్ అనే చిత్రకారుడు 1800లో ఆ ముట్టడిని పనోరమాగా, అంటే చాలా వెడల్పైన పెద్ద చిత్రంగా గీసి, టికెట్ పెట్టి జనానికి చూపించాడు. దాని ఆధారంగా జొవాన్నీ వెంద్రామినీ చెక్కిన ప్రింట్లు 1802, 1803 ప్రాంతంలో బయటికొచ్చాయి. హెన్రీ సింగిల్టన్ గీసిన టిప్పు ఆఖరి పోరాటం కూడా ప్రింట్‌గా బాగా తిరిగింది. అంతకుముందు 1792లో టిప్పు కొడుకులిద్దరినీ గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్‌కు బందీలుగా అప్పగించిన ఘట్టాన్ని రాబర్ట్ హోమ్, మాథర్ బ్రౌన్ లాంటివాళ్లు గీశారు. మన ఇళ్లలో కనిపించే మైసూరు యుద్ధాల బొమ్మల్లో చాలావరకు ఈ కుదురులోవో, వీటిని చూసి తర్వాత అచ్చేసినవో. మీది ఏ తరగతిదో తేల్చడానికి ఓ భూతద్దం, మంచి వెలుతురు ఉంటే చాలు.

బొమ్మ కింద సన్నటి అక్షరాలు చదవండి. ఎడమ మూల చిత్రకారుడి పేరు పక్కన 'పింక్సిట్' అనో దాని పొట్టి రూపమో ఉంటుంది, అంటే బొమ్మ గీసినవాడు. కుడి మూల 'స్కల్ప్‌సిట్' ఉంటే రేకు చెక్కినవాడు. మధ్యలోనో అడుగునో పబ్లిషర్ పేరు, లండన్ వీధి, తేదీ ఉంటాయి. ఇంగ్లండ్‌లో 1735 నాటి చట్టం ప్రకారం హక్కుదారు పేరు, తేదీ రేకు మీదే చెక్కాలి. అందుకే ఆ కాలపు ప్రింట్లలో ఈ వరుస కనిపిస్తుంది. ఈ వరుసను కత్తిరించేసి ఫ్రేము కట్టించి ఉంటే ధర బాగా పడిపోతుంది.

ఒక్క తేదీని చూసి సంబరపడకండి. అదే రేకుతో ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ అచ్చేసినా ఆ తేదీ అలాగే ఉంటుంది. అప్పుడు కాగితాన్నే అడగాలి. 1794 తర్వాతి ఇంగ్లీషు కాగితాల్లో చాలావాటికి నీటిగుర్తులో (వెలుతురుకు పట్టుకుంటే కాగితంలో కనిపించే ముద్రలో) తయారీదారు పేరుతో పాటు సంవత్సరమూ ఉంటుంది. వాట్‌మన్ పేరు ఎక్కువగా కనిపిస్తుంది. బొమ్మ కింద 1802 అని ఉండి, వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే నీటిగుర్తులో 1820 కనిపించిందనుకోండి. రేకు పాతదే కానీ అచ్చు తర్వాతిది. కొనేవాడు ఈ సంగతి ఎలాగూ చూస్తాడు కాబట్టి మీరే ముందు చూసుకోవడం మంచిది.

ఇక భూతద్దం పని. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. చుక్కలు కనిపిస్తే ఆధునిక ముద్రణ అని ఎక్కడో చదివి, అసలైన పాత ప్రింట్‌నే నకిలీ అనుకుంటారు. వెంద్రామినీ కాలంలో స్టిపుల్ అనే పద్ధతి ఉండేది. ముఖాల నునుపు, పొగ మసక చూపించడానికి రేకు మీద చుక్కలు పొడిచేవారు. ఆ చుక్కలు ఒక్కోటీ ఒక్కో సైజులో ఉంటాయి. చెంప దగ్గర పలచబడి, గడ్డం నీడలో గుంపుగా చేరతాయి. వాటి మధ్య చెక్కిన గీతలు కూడా కనిపించవచ్చు. ఆధునిక ముద్రణలోనైతే చుక్కలు గళ్ల కాగితంలోలా బొమ్మ మొత్తం ఒకే ఎడంతో, ఒకే వరుసలో ఉంటాయి. టిప్పు ముఖం మీద కాసేపు భూతద్దం ఉంచితే తేడా ఇట్టే తెలిసిపోతుంది. బొమ్మ చుట్టూ రాగి రేకు నొక్కుకున్న దీర్ఘచతురస్రపు పల్లం వేలికి తగిలితే ఇంకో సాక్ష్యం దొరికినట్టే.

వెనకవైపు ఇంగ్లీషు వార్తలు అచ్చయి ఉంటే అది పాత సచిత్ర పత్రికలోంచి తీసిన పేజీ. ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ 1842లో మొదలైంది. 1857 పోరాటాల బొమ్మలు అందులో చాలా వచ్చాయి. అవి పాతవే, కానీ అరుదైనవి కావు.

తర్వాత కాగితం ఎలా ఉందో చూడండి. గోధుమరంగు మచ్చలు, పురుగు తిన్న చోట్లు, తడి మరకలు, అట్ట మౌంట్ అంచు వెంట ఏర్పడ్డ గోధుమ గీత. బొమ్మను అట్టకు మొత్తంగా జిగురు పెట్టి అంటించారా అన్నది వీటన్నిటికంటే పెద్ద విషయం. బొమ్మ అద్దానికి అతుక్కుపోయి ఉంటే ఫ్రేము విప్పకండి. ఆ పని కాగితం కన్సర్వేటర్లకు, అంటే పాత కాగితాలను కాపాడే నిపుణులకు వదిలేయండి, వారసత్వ సంపద పరిరక్షణ సంస్థ ఇంటాక్ కేంద్రాల్లో అలాంటివాళ్లు ఉంటారు. మచ్చలు పోవాలని బ్లీచింగ్ చేయడం, వెలిసిన రంగు మీద కొత్త రంగు పూయడం వద్దు. మురికిగా ఉన్న అసలు కాగితానికి కొనేవాళ్లు దొరుకుతారు, 'బాగుచేసిన' దానికి దొరకడం కష్టం.

దేశం దాటదు, అది గుర్తుంచుకోవాలి

ఎంపికను అన్నిటికన్నా ఎక్కువగా ప్రభావితం చేసేది చట్టం. 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉంది. వందేళ్లు నిండిన కళాఖండం పురావస్తువు కిందికి వస్తుంది. దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం. ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, జరిమానా ఉన్నాయి. అంటే 1802 నాటి ప్రింట్‌ను లండన్ వేలానికి పంపలేరు, విదేశీ వెబ్‌సైట్‌లో పెట్టి అమెరికాకు కొరియర్ చేయలేరు. అది లండన్‌లోనే అచ్చయిందన్న వాదన ఇక్కడ పనికిరాదు. డల్లాస్‌లో ఉన్న అన్నయ్య సూట్‌కేసులో పెట్టుకుపోతానన్నా ఇదే చట్టం వర్తిస్తుంది. ఈ మాట ఇంట్లో ముందే చెప్పేస్తే తర్వాత గొడవ ఉండదు.

వందేళ్లు నిండని వస్తువైతే పురావస్తువు కాదని పురావస్తు శాఖ దగ్గర సర్టిఫికెట్ తీసుకుని పంపవచ్చు. అలాంటి ప్రింట్‌కు అంత శ్రమ దండగ అని నా అభిప్రాయం.

పురావస్తువుల వ్యాపారం చేసేవాళ్లకు లైసెన్సు తప్పనిసరి. ఇంట్లో వారసత్వంగా వచ్చిన ఒక్క పటం అమ్ముకోవడం వ్యాపారం కాదు, కానీ దాన్ని కొనే డీలర్‌కు లైసెన్సు ఉండాలి. చూపించమని అడగడానికి మొహమాటపడకండి. అడగ్గానే ముఖం మాడ్చుకునేవాడితో బేరం వద్దు.

దారులు ఒక్కచోట

| దారి | ధర వచ్చే తీరు | పట్టే సమయం | మీకు పడే శ్రమ | నప్పేది |
|---|---|---|---|---|
| వేలం సంస్థ | ఇద్దరు పోటీపడితే అన్నిటికన్నా ఎక్కువ, లేకపోతే మీరు పెట్టిన కనీస ధర (రిజర్వు) దగ్గరే | నెలలు | మధ్యస్థం | అసలు ప్రింట్, మంచి స్థితి |
| డీలర్‌కు నేరుగా | తక్కువ, కానీ ఖాయం | రోజులు | తక్కువ | డబ్బు త్వరగా కావాల్సినవారు |
| డీలర్ దగ్గర ఉంచి అమ్మించడం | డీలర్ కొనే ధర కంటే ఎక్కువ | చెప్పలేం | తక్కువ | తొందర లేనివారు |
| ఆన్‌లైన్‌లో సొంతంగా | మీ బేరాన్ని బట్టి | చెప్పలేం | ఎక్కువ | పత్రిక పేజీలు, తర్వాతి అచ్చులు |
| మ్యూజియం | కొంటే న్యాయమైన ధర, లేదా విరాళం | చాలా ఎక్కువ | కాగితాల పని | అరుదైనవి, కథ ఉన్నవి |
| ఇంట్లోవాళ్లకే | మాట్లాడుకున్నంత | వెంటనే | మాటల శ్రమ | అమ్మాలని అందరికీ లేనప్పుడు |

వేలం

ముంబై, ఢిల్లీల్లోని పెద్ద వేలం సంస్థలు ఆధునిక పెయింటింగుల మీదే ఎక్కువగా బతుకుతాయి. కానీ శాఫ్రన్‌ఆర్ట్ లాంటివి పాత పుస్తకాలు, మ్యాపులు, ప్రింట్ల వేలాలూ వేస్తుంటాయి. మీ పటం అలాంటి ప్రత్యేక వేలంలోకి వెళ్లాలి. హుస్సేన్ పెయింటింగుల నడుమ ఇరుక్కుంటే దాన్ని పట్టించుకునేవాళ్లుండరు. అందుకే సంస్థను మొదట అడగాల్సింది, ప్రింట్ల వేలం ఎప్పుడుంది, గతంలో ఇలాంటివి ఏ ధరకు పోయాయి అని. పాత ఫలితాలు వాళ్ల సైటులోనే దొరుకుతాయి.

లెక్క ఇలా ఉంటుంది. సుత్తి పడిన ధర, అంటే వేలంలో చివరికి ఖాయమైన ధర లక్ష రూపాయలనుకుందాం. కొన్నవారు దాని మీద సంస్థకు ప్రీమియం, జీఎస్టీ కడతారు. ప్రీమియం 20 శాతమైతే వాళ్ల జేబులోంచి పోయేది లక్షా ఇరవై వేలు దాటుతుంది. మీ వైపు అమ్మకం కమీషన్ 10 శాతమనుకుంటే చేతికొచ్చేది తొంభై వేలు. ఫొటోలు, ఇన్సూరెన్స్, రవాణా విడిగా పట్టుకుంటే ఇంకా తగ్గుతుంది. శాతాలు సంస్థను బట్టి మారతాయి, బేరమాడితే కొంత తగ్గుతాయి కూడా. బేరమాడాల్సింది ఒప్పందం మీద సంతకం పెట్టకముందే.

రిజర్వు ధర విషయంలో మనవాళ్లు తరచూ చేసే పొరపాటు దాన్ని మరీ ఎక్కువ పెట్టమనడం. వేలంలో అమ్ముడుపోని వస్తువు ఫలితాల పట్టికలో అలాగే ఉండిపోతుంది. రేపు డీలర్ దగ్గరికి వెళ్తే ఆ విషయం ఆయనకూ తెలుసు. రిజర్వు కాస్త తక్కువ పెట్టి పోటీకి వదిలేయడమే నయం. అమ్ముడుపోకపోతే తిరిగి తెచ్చుకునే ఖర్చు ఎవరిదో కూడా రాయించుకోండి.

డీలర్ దగ్గర రెండు పద్ధతులు

ముంబై కొలాబాలోని ఫిలిప్స్ యాంటిక్స్ లాంటి పాత దుకాణాల్లో ప్రింట్లు, మ్యాపులు అమ్ముతారు. ఇలాంటి చోట మీ బొమ్మ ఏదో ఫొటో చూసే చెప్పగలిగినవాళ్లుంటారు. వీధి చివర యాంటిక్ షాపులో ఇత్తడి దీపాలు, పాత గ్రామఫోన్లు అమ్మే ఆయనకు ఫ్రేము విలువ తెలుస్తుంది కానీ అందులోని కాగితం విలువ తెలియకపోవచ్చు. ఒక్కోసారి టేకు ఫ్రేము కోసమే కొంటారు, ఆ సంగతి గమనించండి.

నేరుగా కొనే డీలర్ తన షాపు అద్దె, సరుకు నెలల తరబడి నిలిచిపోయే ప్రమాదం, ఫ్రేము ఖర్చు అన్నీ చూసుకునే ధర చెప్తాడు. తాను అమ్మబోయే ధరలో సగానికో, ఇంకా తక్కువకో అడిగితే అది మోసమనుకోనక్కర్లేదు. మోసం ఎక్కడంటే, ఇది నకిలీయే అంటూనే కొనడానికి ఆత్రపడటంలో. భూతద్దం పని మీరు ముందే చేసి ఉంటే అక్కడ దొరికిపోతాడు.

రెండో పద్ధతి డీలర్ దగ్గర ఉంచి అమ్మించడం, దీన్నే కన్‌సైన్‌మెంట్ అంటారు. ఇందులో పటం మీదే, షాపు వాళ్లది. అమ్ముడైనప్పుడు వాటా తీసుకుని మిగతాది ఇస్తారు. తొందర లేనివాళ్లకు నేను ఎక్కువగా చెప్పే దారి ఇదే, కానీ ఓ షరతు. కనీస ధర, డీలర్ వాటా, గడువు, ఈలోగా పాడైతే బాధ్యత ఎవరిది అన్నవి నాలుగు వాక్యాల్లోనైనా కాగితం మీద ఉండాలి. గడువు లేని కన్‌సైన్‌మెంట్ అంటే మీ పటం వాళ్ల గోడకు ఊరికే అలంకారం.

ఆన్‌లైన్‌లో, సొంతంగా

అసలైన 1802 ప్రింట్‌ను ఇక్కడ పెట్టమని నేను చెప్పను. ధర తెలిసిన కొనుగోలుదారు ఇక్కడ తక్కువ, "లాస్ట్ ఎంత బ్రో" అని అడిగేవాళ్లు ఎక్కువ. పత్రికల పేజీలకు, ఇరవయ్యో శతాబ్దపు అచ్చులకు మాత్రం ఇదే సరైన చోటు. వాటిని వేలం సంస్థలు తీసుకోవు, తీసుకున్నా ఖర్చులకే సరిపోతుంది. ఉన్నది ఉన్నట్టు రాయండి: కొలతలు, కింది వరుస దగ్గరి ఫొటో, మచ్చల ఫొటో, వెనకవైపు ఫొటో. "చాలా అరుదు" అన్న మాట ప్రకటనలో రాశారంటే తెలిసినవాడు పక్కకు తప్పుకుంటాడు.

మ్యూజియం

కోల్‌కతాలోని విక్టోరియా మెమోరియల్‌లో ఈ కాలపు బొమ్మల పెద్ద సేకరణే ఉంది, హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. కొనాలంటే వాళ్లకు కమిటీలు, బడ్జెట్లు ఉంటాయి కాబట్టి డబ్బు అవసరమున్నవాళ్లకు ఇది దారి కాదు. విరాళంగా ఇస్తే పన్ను తగ్గుతుందని కొందరనుకుంటారు. ఆ మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చే విరాళాలకే, వస్తువులకు రాదు.

మీ పరిస్థితి ఏది?

అసలు ప్రింట్, కింది వరుస చెక్కుచెదరలేదు, తొందర లేదు: ముందు ప్రింట్ల వేలం. తేదీ దూరంగా ఉంటే కన్‌సైన్‌మెంట్. గిరాకీ లేదని భయపడక్కర్లేదు. 2022లో ఢిల్లీలోని డీఏజీ గ్యాలరీ టిప్పు బొమ్మలతోనే ఒక ప్రదర్శన పెట్టింది. కొనేవాళ్లు దేశంలోనే ఉన్నారు.

అసలుదే కానీ అట్టకు అంటించేశారు, కత్తిరించేశారు: వేలం మోజు వదిలేయండి. ఇద్దరు ముగ్గురు డీలర్ల దగ్గర ధర అడిగి, ఎక్కువ చెప్పినవారికి ఇచ్చేయండి. బాగుచేయించి అమ్ముదామంటే ఆ ఖర్చు ధరలో తిరిగొస్తుందన్న భరోసా లేదు.

ముగ్గురు నలుగురు వారసులున్నారు, అందరికీ అనుమానాలే: వేలమే. ధర కాస్త తగ్గినా అందరి ముందు తేలుతుంది కాబట్టి "నువ్వు షాపాయనతో కుమ్మక్కయ్యావు" అనే మాట రాదు. ఈ ఒక్క కారణానికే కమీషన్ కట్టినా తప్పులేదని నాకనిపిస్తుంది. వేలానికి ఇచ్చేముందు వారసులందరి సంతకాలతో అంగీకార పత్రం రాయించుకోవాలి. అత్తయ్యలకూ వాటా ఉంటుందన్న సంగతి మరచిపోయే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

అమ్మాలని మీకుంది, ఇంకొకరికి మనసు రావడం లేదు: వాళ్లకే ఇచ్చి, డీలర్ చెప్పిన ధరకూ వేలం అంచనాకూ మధ్యలో ఒక లెక్క వేసుకుని వాటా సర్దుకోండి. అమ్మక తప్పకపోతే మంచి స్కానింగ్ చేయించుకోండి. రెండు శతాబ్దాల నాటి బొమ్మకు కాపీరైట్ బెడద లేదు కాబట్టి ఎవరింటి గోడకు వారు ఒక కాపీ పెట్టుకోవచ్చు.

పన్ను, కాగితాలు, పార్సిల్

వారసత్వంగా వచ్చినందుకు పన్ను లేదు, అమ్మితే ఉంటుంది. ఇంట్లో వాడుకునే సామాన్లకు ఉన్న మినహాయింపు కళాఖండాలకు వర్తించదు. పెద్దల దగ్గర ఉన్న కాలం కూడా కలుస్తుంది కాబట్టి ఇది దీర్ఘకాలిక లాభం. 2024 జూలై 23 నుంచి రేటు 12.5 శాతం, ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలను బట్టి కొన్న ధరను పెంచి లెక్కించడం) లేదు. 2001 ఏప్రిల్ 1కి ముందే కుటుంబంలో ఉన్నదైతే ఆ తేదీ నాటి మార్కెట్ విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు. పెద్ద మొత్తమైతే రిజిస్టర్డ్ వాల్యుయర్ దగ్గర ఆ విలువ రాయించుకోండి. చెక్కుగానో బ్యాంకు బదిలీగానో తీసుకుంటే ఈ లెక్కంతా సులువు.

పటం ఇంట్లోకి ఎలా వచ్చిందో తెలిసిన పెద్దవాళ్లుంటే వాళ్ల మాటల్లోనే ఒక పేజీ రాయించి, తేదీ వేసి, సంతకం పెట్టించండి. గోడ మీద ఆ పటం కనిపించే పాత పెళ్లి ఫొటో ఉంటే దాని కాపీ కూడా జతచేయండి. కొనేవాళ్లు దీనికి విలువిస్తారు. కానీ తెలియని కథ కల్పించకండి, ముత్తాత టిప్పు దివాణంలో పనిచేశాడనే కథలు వేలం సంస్థలవాళ్లు చాలానే విని ఉంటారు.

పంపేటప్పుడు అద్దం తీసేయండి, తీయలేకపోతే అద్దం మీద అడ్డంగా నిలువుగా పేపర్ టేపు అంటించండి, పగిలినా ముక్కలు కాగితాన్ని చీల్చవు. ఫ్రేము మూలలకు అట్ట తొడుగులు, చుట్టూ బబుల్ షీట్, బయట చెక్కపెట్టె. బొమ్మను ఫ్రేములోంచి తీసి పంపాల్సి వస్తే చుట్టకండి, రెండు గట్టి అట్టల మధ్య బల్లపరుపుగా పెట్టండి. పెట్టె మూసే ముందు నాలుగు మూలలూ, కింది వరుసా, వెనకవైపూ ఫొటోలు తీసుకుని, ఇన్సూరెన్స్ విలువ రసీదులో రాయించుకోండి.